గాలిలో బిగించిన బోల్టు

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో గిన్నెడు పులిహోర కలిపితే నా కథలో అది గంగాళం అవుతుంది. మా వీధిలో అడుగు మంచు పడితే నా కథలో పక్కింటి పొగగొట్టం దాకా పడుతుంది. నా భార్య దీనికి ఒక పద్ధతి కనిపెట్టింది. నేను ఏం చెప్పినా సగం చేసి, ఆ సగంలోంచి మళ్ళీ కొంత తీసేసి, మిగిలినదాన్ని నమ్ముతుంది. మీరూ అలాగే చదవండి. ఈ అధ్యాయంలో పెంచి చెప్పినవి చాలా ఉన్నాయి గానీ, పూర్తిగా కల్పించింది ఒక్కటే. అదేదో చివర్లో నేనే చెబుతాను. ఇది పగ గురించిన అధ్యాయం. పగలో ఒక్క అబద్ధమైనా కలవకపోతే ఉప్పు వెయ్యని పప్పులా ఉంటుంది.

పోయిన వసంతంలో, మావాళ్ళు ఇండియా నుంచి వచ్చి స్థిరపడిన ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మా అమ్మగారి వెట్ గ్రైండర్ ప్రాణం వదిలింది. నా చిన్నతనమంతా శనివారం ఉదయాలు ఆ యంత్రం గర్జనతోనే తెల్లవారాయి. అది తిరుగుతుంటే వంటింట్లో గిన్నెలు చిందులు తొక్కేవి, మూడిళ్ళ అవతల పోలండ్ ముసలాయన రైలొస్తోందనుకుని కుక్కని లోపలికి పిలుచుకునేవాడు. చచ్చిన గ్రైండర్‌ని గరాజ్‌లోకి మోస్తుంటే దాని ఒక కాలి కింద నుంచి నల్లటి చక్రం లాంటిది దొర్లి నా పాదాల దగ్గర ఆగింది. బయట ఇనుప తొడుగు, లోపల రబ్బరు, రబ్బరు మధ్యలో అడ్డంగా చిరుగు. చూడగానే గుర్తుపట్టాను. నాకు మీసాలు రాకముందు మా నాన్న పరువు తీసిన వస్తువు అది. ఇన్నేళ్ళూ అమ్మ గ్రైండర్ దాని మీదే నిలబడి ఇడ్లీ పిండి రుబ్బుతోందని నాకు తెలియదు.

దాన్ని బుష్ అంటారు. కారు ముందు చక్రాన్ని పట్టుకునే ఇనుప చేతికీ, కారు చట్రానికీ మధ్య ఉండే రబ్బరు కీలు. మన మోకాలి మధ్యలో గుజ్జు ఎలాంటిదో కారుకి అది అలాంటిది. రోడ్డు కొట్టిన దెబ్బని తాను మింగి, లోపల కూర్చున్నవాడి నడుముదాకా రానివ్వకుండా చూడటం దాని ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని కనిపెట్టుకుని ఉండటం మా నాన్న రామ్మోహన్ ఉద్యోగం. ఆయన కార్ల కంపెనీలో రబ్బరు ఇంజనీరు. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగుపెడితే ముందు రబ్బరులో కలిపే గంధకం వాసన, తర్వాత ఆయన వచ్చేవారు. అమ్మ ఆయన చొక్కాలని మా బట్టలతో కలిపి ఉతికేది కాదు. నాన్నకి ప్రపంచంలో ప్రతిదాన్నీ బొటనవేలి గోటితో నొక్కి చూసే అలవాటు. ఇడ్లీని నొక్కి "నలభై" అనేవారు, వంకాయని నొక్కి "అరవై, ముదిరింది" అనేవారు. అవి గట్టిదనం అంకెలు. నేను పుట్టినప్పుడు నర్సు నన్ను చేతికిస్తే బుగ్గ నొక్కి అంకె చెప్పారని అమ్మ అంటుంది. ఆ అంకె ఎంతో ఇద్దరూ ఇప్పటికీ నాకు చెప్పరు.

ఇక శత్రువు గురించి. డాక్టర్ వీరభద్రరావు అంకుల్ పళ్ళ డాక్టరు. ఎదుటివాడి నోట్లో రెండు చేతులూ పెట్టి మాట్లాడటం వృత్తి కావడం వల్ల, సంభాషణ అంటే అవతలివాడు జవాబివ్వలేని ఏర్పాటు అని ఆయన గట్టి నమ్మకం. మా తెలుగువాళ్ళందరిలోకీ పెద్ద ఇల్లు ఆయనదే, పెద్ద గొంతూ ఆయనదే. ఆదివారం భోజనాలు చాలావరకు వాళ్ళ బేస్‌మెంట్‌లోనే జరిగేవి. ఆయన ఒక పాత మజిల్ కార్ కొన్నారు. రెండు తలుపులు, ముందర ఎద్దు మూపురంలాంటి బానెట్, దాని కింద ఊరికి కరెంటు ఇవ్వగల ఇంజను, ఒళ్ళంతా మాగిన ఆవకాయ రంగు. అది ఏ కంపెనీదో చెప్పను. అది నాన్న కంపెనీకి పోటీ కంపెనీ, ఆ పేరు ఎత్తితే మా ఇంట్లో ఇప్పటికీ రెండోసారి చారు పొయ్యరు. పిల్లలం దాన్ని ఆవకాయ అనేవాళ్ళం. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అది దుప్పటి కప్పుకుని పడుకునేది, ఎండ ముదిరాక పెళ్ళికూతురిలా బయటికొచ్చేది.

ఆ కారు ముందు బుష్‌లు అరిగిపోయినప్పుడు అంకుల్ నాన్నని పిలిచారు. నాన్న వారాల తరబడి ముక్కలు తెచ్చి మా భోజనాల బల్ల మీద పరిచి, నొక్కి, వాసన చూసి, ఒకసారి పొరపాటున పచ్చడిలో నంజుకోబోయి, చివరికి ఒక రబ్బరుని ఎంచారు. అప్పుడే పాలియురేథేన్ అని గట్టి ప్లాస్టిక్ లాంటి బుష్‌లు ఫ్యాషన్‌లోకి వస్తున్నాయి. పందేల్లో పరిగెత్తే కార్లకి అవి మంచివే. "డాక్టరు గారు పందేనికి వెళ్ళరు, గుడికి వెళతారు. ఆయనకి రబ్బరే కావాలి," అన్నారు నాన్న.

బిగించింది ఒక ఆదివారం మధ్యాహ్నం, అంకుల్ గరాజ్‌లో. కారుని జాకీ స్టాండ్ల మీదికి ఎత్తాం, ముందు చక్రాలు తీసేశాం. నాన్నా నేనూ పాత బుష్‌లు పీకి కొత్తవి కూర్చోబెట్టాం. నూనె, బ్రేకు దుమ్ము, లోపలి నుంచి అంకుల్ భార్య సుశీల ఆంటీ వేయిస్తున్న గారెల వాసన, అన్నీ కలిసి ఆ గరాజ్‌లో తేలుతున్నాయి. ఇక బోల్టుల చివరి బిగింపు ఒక్కటే మిగిలింది. గోడకి విజయవాడ మిఠాయి కొట్టువాళ్ళ క్యాలెండరు వేలాడుతోంది. అంకుల్ దాని ముందు నిలబడి వాచీ చూసుకుంటున్నారు. ఆదివారం నాలుగున్నరకి రాహుకాలం. సుశీల ఆంటీ కొబ్బరికాయ, చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు పళ్ళెంలో పట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది.

"డాక్టరు గారూ, బండిని నేల మీదికి దించాక బిగిద్దాం," అన్నారు నాన్న. "ఇప్పుడు చక్రాల చేతులు కిందికి వేలాడుతున్నాయి. ఇలాగే బిగిస్తే రబ్బరు ఈ భంగిమలోనే పట్టేసుకుంటుంది. దించిన క్షణం నుంచి మెలితిరిగే ఉంటుంది."

"దించాలి, చక్రాలు పెట్టాలి, మళ్ళీ కిందికి దూరాలి. ఈలోపు రాహుకాలం రాదూ? పని పూర్తయితే గానీ కొబ్బరికాయ కొట్టకూడదయ్యా. బిగించెయ్."

"ఆ క్యాలెండరు విజయవాడదండీ. పైగా ఎండాకాలమని ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిపారు. ఆ సంగతి రాహువుకి ఎవరైనా చెప్పారా?"

"ఇదుగో, ఈ వెటకారాలే వద్దనేది."

"వెటకారం కాదండీ. దించాకే బిగించాలి," అన్నారు నాన్న మళ్ళీ.

నేను ఉండబట్టలేకపోయాను. "అంకుల్, నాన్న ఈజ్ రైట్. ఇది ఆయన జాబ్."

"చిట్టీ, రేపు నీ పన్ను పీకేటప్పుడు నీ సలహా అడుగుతాలే," అని అంకుల్ నా చేతిలోంచి బోల్టులు తిప్పే రెంచ్ లాక్కుని, లాల్చీతోనే కారు కిందికి దూరి, రెండు పక్కలా తానే బిగించేశారు. కొబ్బరికాయ పగిలింది. నిమ్మకాయలు నలిగాయి. రాహువు వచ్చి చూసేసరికి అంతా అయిపోయింది. నాన్న చేతులు తుడుచుకుని గారెలు తిన్నారు. ఒకదాన్ని నొక్కి చూశారు గానీ అంకె చెప్పలేదు.

మూడో వేసవి వచ్చేసరికి ఆవకాయ ముందు చక్రాల దగ్గర టకటకలాడటం మొదలెట్టింది. స్టీరింగ్ ఒకవైపు తిప్పితే కారు కాసేపు ఆలోచించి ఇంకోవైపు వెళ్ళేది. అంకుల్ ఎవరితోనో విప్పించారు. ఆ ఆదివారం బేస్‌మెంట్‌లో భోజనాల మధ్య, అమ్మ చేసిన పులిహోర గంగాళం పక్కన, చిరిగిన బుష్‌ని ఠప్పున బల్ల మీద పెట్టారు. ఊళ్ళో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ అక్కడే ఉన్నాయి.

"మన రామ్మోహన్ రబ్బరులో ఇంజనీరు. ఇదిగో ఆయన రబ్బరు," అన్నారు. "నేను కట్టిన పన్ను ఇలా ఊడితే నన్ను కోర్టుకి ఈడుస్తారు."

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నాన్న పేరు రబ్బరు రామ్మోహన్. పిల్లలకి రబ్బరు అంకుల్. పెళ్ళిళ్ళలో పరిచయాలు, బర్త్‌డేల్లో జోకులు, అన్నీ దానితోనే. కొత్తగా ఇండియా నుంచి దిగినవాళ్ళకి సూట్‌కేసు విప్పకముందే ఆ కథ చెప్పేవారు. నాన్న ఆ బుష్‌ని జేబులో వేసుకుని ఇంటికొచ్చారు. దారిలో నేను కారు అద్దాలు అదిరేలా అరిచాను. "వై డిడ్‌న్ట్ యూ టెల్ దెమ్? గాలిలో బిగించింది ఆయనే కదా?"

"చిరిగింది అందుకేనని నాకు అనిపిస్తోంది. అనిపించడం వేరు, తెలియడం వేరు. ఒకే కారుకి ఒక పక్క గాలిలో, ఒక పక్క నేల మీద బిగించి చూస్తే గానీ చెప్పలేం," అన్నారు ఆయన. అంత నెమ్మదిగా మాట్లాడే మనిషికి కొడుకుగా పుట్టినందుకు ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

అమ్మ రోజూ గరిటెడు పెరుగు విడిగా తీసి మర్నాటికి తోడు పెట్టేది. నేను నా పగని అలాగే కాపాడుకున్నాను. ప్రతి రోజూ కొంచెం తీసి పక్కన పెట్టడం, మర్నాడు పాలు పోసి మళ్ళీ పెంచడం. కాలేజీకి తీసుకెళ్ళాను, పెళ్ళికి తీసుకెళ్ళాను. ప్రసూతి గదిలో కూతుర్ని ఎత్తుకున్నప్పుడు కూడా జేబులో ఒక చిన్న గిన్నె ఉంది. ఎప్పుడైనా పులుపు తగ్గినట్టనిపిస్తే, రబ్బరు అంకుల్ అన్న మాట ఎక్కడో ఒకచోట వినబడేది, మళ్ళీ గట్టిగా పేరుకునేది. అటు అంకుల్ పాలియురేథేన్‌కి మారిపోయారు. నాన్న చెప్పినట్టే అది రోడ్డు మీది ప్రతి గులకరాయినీ నేరుగా ఆయన వెన్నుపూసకి పరిచయం చేసింది. పైగా కీచుమని అరిచేది. ఆయన మా ఇంటికి బయలుదేరితే రెండు వీధుల అవతల ఉండగానే వినబడేది, అమ్మకి కాఫీ కలపడానికి సరిపడా సమయం దొరికేది. సుశీల ఆంటీ ఆ కారెక్కడం మానేసి వెనకాల తన వ్యాన్‌లో వచ్చేది. అయినా అంకుల్ ఒప్పుకోలేదు. అరుపు ఇంజను బలానికి గుర్తు అన్నారు.

గ్రైండర్ చచ్చిన వారానికే అంకుల్ ఫోన్ చేశారు. నాన్న రిటైరయ్యాక ఆయన రెంచ్‌లు, ఆయన గరాజ్, ఆయన కంటే పెద్ద నోరు నాకు వారసత్వంగా వచ్చాయి. ఆదివారాలు పాత కార్ల కింద దూరుతుంటానని ఊరందరికీ తెలుసు.

"ఏరా చిట్టీ, నడుము పోయిందిరా. కారు అమ్మెయ్యమంటున్నాడు డాక్టరు. వాడికేం తెలుసు? బుష్‌లు మార్చు. మెత్తగా ఉండాలి. మీ నాన్న రబ్బరు మాత్రం పెట్టకు."

"మెత్తగా ఉండాలి, రబ్బరు కాకూడదు. ఉంది అంకుల్, ఒకటుంది. ఎలాస్టోమర్ అని," అన్నాను. సైంటిస్టులు రబ్బరుని గౌరవంగా పిలవాలనుకున్నప్పుడు అనే మాట అది.

"ఎలాస్టోమరా? ఆ పేరే చెబుతోంది కొత్త టెక్నాలజీ అని. అదే పెట్టు."

నాన్నతో కలిసి మళ్ళీ అదే భోజనాల బల్ల ముందు కూర్చున్నాను. ఆయనకిప్పుడు చేతులు కొంచెం వణుకుతాయి గానీ బొటనవేలు వణకదు. మార్కెట్లో దొరికే ప్రతి బుష్ తెప్పించాను. పాలియురేథేన్‌లో ఎరుపు, నలుపు, పసుపు; పందేలవాళ్ళ గట్టి ప్లాస్టిక్; రబ్బరులో మెత్తవీ గట్టివీ. బల్ల మీద మిఠాయి కొట్టు పెట్టినట్టుంది. ఆయన కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ నొక్కుతూ పోయి ఒకదాని దగ్గర ఆగారు. "ఇదే. అప్పుడూ ఇదే." నేను ఆ రకానివే రెండు పక్కలకీ కొన్నాను. ఎడమ పక్క బోల్టుల్ని, కారు స్టాండ్ల మీద ఉండగా, చక్రం వేలాడుతుండగా బిగించాను. కుడి పక్కవి నేల మీదికి దించి, కారు బరువంతా చక్రాల మీద పడ్డాక బిగించాను. నాన్న అడిగిన పరీక్ష, ఇన్నేళ్ళకి. పరీక్ష అంటున్నాను గానీ, ఎడమ పక్క బిగించేటప్పుడు నా మొహం అద్దంలో చూసుంటే నేనే భయపడేవాణ్ణి. పెద్దాయన వారానికోసారి నెమ్మదిగా గుడిదాకా నడిపే కారు అది. అయినా ఆయిల్ చూసే నెపంతో తరచూ కిందికి దూరి చూస్తూనే ఉన్నాను. చూసిన ప్రతిసారీ నా కడుపు మండింది. ఎందుకో తర్వాత చెబుతాను.

మెలితిరిగిన రబ్బరు పైకి నెట్టడంతో ఎడమ పక్క కాస్త ఎత్తుగా నిలబడిపోయింది. ఆవకాయ ఎవరితోనో రహస్యం చెప్పడానికి వంగినట్టుండేది.

"కుడివైపుకి ఒరిగినట్టు లేదుటరా?" అని అడిగారు అంకుల్.

"కుడివైపు ఆంటీ కూర్చుంటున్నారు కదా అంకుల్ ఇప్పుడు."

ఆంటీ చేటలో చెరిగితే ఎగిరిపోయేంత మనిషి. ఆ మాటకి ఆమె నన్ను ఇంకా క్షమించలేదు. కానీ కారు అరుపు పోయింది, నడుము నొప్పి తగ్గింది, ఆమె మళ్ళీ ఆయన పక్కన కూర్చుంది.

వేసవి చివర నేను ఆ బుష్‌లు విప్పి కొత్తవి వేశాను, ఈసారి రెండు పక్కలా నేల మీదే బిగించాను. ఆ ఆదివారం వాళ్ళింటి పెరట్లో భోజనాలు. అప్పటి బేస్‌మెంట్‌లో నవ్వినవాళ్ళలో మిగిలినవాళ్ళంతా వచ్చారు. చేతికర్రలు, వినికిడి యంత్రాలు, చక్కెర లేని పాయసం. అంకుల్ లేచి నిలబడ్డారు.

"నలభై ఏళ్ళ కుర్రాడిలా నడుస్తోంది నా బండి. ఎలాస్టోమర్. మన చిట్టి పెట్టాడు. వాళ్ళ నాన్నలా కాదు, వీడికి మెటీరియల్ తెలుసు."

ఇన్నేళ్ళ పెరుగూ ఆ క్షణంలో కుండ దాటి పొంగింది. జేబులోంచి మూడు బుష్‌లు తీసి బల్ల మీద వరసగా పెట్టాను. గ్రైండర్ కింద దొరికింది ఒకటి, కుడి పక్కది ఒకటి, ఎడమ పక్కది ఒకటి.

"అంకుల్, ఎలాస్టోమర్ అంటే రబ్బరే. ఇది నాన్న అప్పుడు ఎంచిన రబ్బరు. ఇవి కూడా అదే. కుడిది నాన్న చెప్పినట్టు నేల మీద బిగించాను. చూడండి, కొత్తదానిలా ఉంది. ఎడమది మీరు బిగించినట్టు గాలిలో బిగించాను. చూడండి."

ఎడమది అడ్డంగా చిరిగి ఉంది. పాతదీ సరిగ్గా అక్కడే. బల్ల చుట్టూ చేతికర్రలు దగ్గరికొచ్చాయి. అంకుల్ కళ్ళజోడు సర్దుకుని, పంటి ఎక్స్‌రే చూసినట్టు చూశారు.

"గాలిలో బిగించకూడదని ఆ రోజు నాకెవరూ చెప్పలేదే," అన్నారు.

"చెప్పారండీ," అంది సుశీల ఆంటీ వడ్డన ఆపకుండానే. "రామ్మోహన్ గారు రెండుసార్లు చెప్పారు. నేను కొబ్బరికాయ పట్టుకుని అక్కడే ఉన్నాను. మీరే రాహుకాలం రాహుకాలం అని గంతులేశారు."

ఆయన జీవితంలో మొదటిసారి ఆయన నోట్లో ఎవరో రెండు చేతులూ పెట్టారు. నాన్న ఎడమ బుష్‌ని తీసుకుని, చిరుగు అంచు వెంట బొటనవేలు ఒకసారి నెమ్మదిగా నడిపించి, నా వైపు చూశారు. పిండి పులియకుండానే అమ్మ ఇడ్లీ వేసిందని తెలిసినప్పుడు చూసే చూపు అది. దాన్ని జేబులో వేసుకున్నారు.

"పాత సంగతి లెండి డాక్టరు గారూ," అన్నారు.

"ఇంకో గారె వేసుకోండి, రామ్మోహన్ గారూ," అన్నారు అంకుల్. ఆ గారూ కోసం నేను నడివయసుదాకా ఎదురుచూశాను. ఇప్పుడు ఆయన మనవలు ఆయన్ని రాహుకాలం తాతయ్య అంటున్నారట. ఆ పేరు ఎవరు పెట్టారో నాకు తెలియదని చెబుతుంటాను.

ఇక నేను కల్పించింది. గంగాళం నిజంగా గిన్నే, గ్రైండర్‌కి బెదిరి ఎవరూ కుక్కని లోపలికి పిలుచుకోలేదు. అవన్నీ పెంచి చెప్పడం మాత్రమే. కల్పించింది ఇదీ: ఎడమ బుష్ చిరగలేదు. వేసవంతా మెలితిరిగి ఉండి కూడా గీత పడలేదు, అందుకే ప్రతిసారీ నా కడుపు మండింది. దాన్ని విప్పిన రోజు గరాజ్‌లో అట్టపెట్టెలు కోసే బాక్స్ కట్టర్‌తో కోశాను. పెరట్లో ఆ మాట చెప్పలేదు, మీకూ ఇంతవరకూ చెప్పలేదు. ఇంటికొచ్చే దారిలో నాన్న దాన్ని జేబులోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"చిరిగిన రబ్బరు అంచు గరుకుగా ఉంటుంది. ఇది వెన్న కోసినట్టుంది. ఏం కత్తిరా?"

చెప్పాను.

"కొయ్యకముందు ఎలా ఉంది?"

"కొత్తదానిలా ఉంది నాన్నా."

ఆయన బొటనవేలితో దాన్ని నొక్కుతూ కూర్చున్నారు. మొహం తిప్పుకున్నా, కిటికీ అద్దంలో ఆయన నవ్వు నాకు కనబడుతూనే ఉంది.

"మంచి రబ్బరు," అన్నారు చివరికి. "గాలిలో బిగించినా రెండు మూడు వేసవులైనా ఓర్చుకుంటుంది. అప్పుడూ అంతే కదా పట్టింది. ఇంకో రెండేళ్ళు ఆగితే అదే చిరిగేది."

"ఈసారి ఆ పెరట్లో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో చూశారా నాన్నా? ఇంకో రెండేళ్ళకి చూపించడానికి ఎవరుంటారు?"

ఆయన ఒళ్ళోని బుష్ నుంచి కళ్ళెత్తి నా వైపు చూశారు.

"అందుకని, నిన్ను కూడా రాహుకాలం తరుముకొచ్చిందా?" అన్నారు.